రెండు చేతుల మామగారు

మామగారు ఏ పనీ ఒంటిచేత్తో చెయ్యరు.

టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. అందులో వింతేమీ లేదు, చలికి అందరూ పట్టుకుంటారు. కానీ ఆ టీలో చక్కెర కలిపే చెంచాను కూడా ఆయన రెండు చేతులతోనే పట్టుకుంటారు, పడవకు తెడ్డు వేస్తున్నట్టు. లైటు స్విచ్చిని రెండు చూపుడువేళ్ళతో నొక్కుతారు. పళ్ళు తోముకునేటప్పుడు కుడిచెయ్యి బ్రష్షును పట్టుకుంటే, ఎడమచెయ్యి ఆ కుడిచేతిని పట్టుకుంటుంది. ఎదురింటి పాప స్కూలుకు వెళ్తూ టాటా చెబితే రెండు చేతులూ పైకెత్తి టాటా చెబుతారు. మొదటిసారి అది చూసిన పోస్ట్‌మాన్, తన వెనక ఎవరో తుపాకీ పట్టుకుని నిలబడ్డారనుకుని గిరుక్కున తిరిగి చూశాడు.

"ఏమిటండీ ఇది?" అని అడిగిన వాళ్ళందరికీ ఒకటే జవాబు.

"బంతి స్పీడు పెరగాలంటే చేతులు రెండూ కలిసి కాపురం చెయ్యడం నేర్చుకోవాలి."

ఆ బంతి కథ మార్కెట్టు బిల్డింగు పైఅంతస్తులో మొదలైంది. అక్కడ కొత్తగా బౌలింగ్ హాలు పెట్టారు. నున్నటి పొడవాటి చెక్క బాట, ఆ చివర నిలబెట్టిన సీసాల్లాంటి పది పిన్నులు, ఈ చివర పుచ్చకాయంత బరువైన బంతి. బంతిని దొర్లించి పిన్నుల్ని పడగొట్టాలి. మామగారి అబ్బాయి లిఫ్టు మెకానిక్కు. ఆ బిల్డింగు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి, హాలు ఓనరు అందులో ఇరుక్కుంటే బయటికి లాగింది అతనే. ఆ కృతజ్ఞతతో ఓనరు ఇంటిల్లిపాదికీ ఫ్రీ టిక్కెట్లు ఇచ్చాడు. మామగారు, అత్తగారు, అబ్బాయి, కోడలు నలుగురూ బయల్దేరారు.

మామగారు ఉద్యోగం చేసినంతకాలం సిటీ బస్సు నడిపారు. సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టి మరీ ఆయన బస్సును దాటిపోయేవారని డిపోలో చెప్పుకునేవారు. ఆ రోజు ఆయన వేసిన మొదటి బంతికీ ఆ లక్షణమే వచ్చింది. అందరిలాగే బొటనవేలూ మరో రెండు వేళ్ళూ బంతి కన్నాల్లో పెట్టి, ఒంటిచేత్తో వదిలారు. బంతి బయల్దేరింది. మామగారు వెనక్కి వచ్చి కూర్చున్నారు. అత్తగారు సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చారు. ఆయన తాగి, మూత బిగించి, తిరిగి ఇచ్చారు. బంతి ఇంకా దారిలోనే ఉంది. చివరికి పిన్నుల దాకా వెళ్ళి, వాటిలో ఒకదాన్ని పలకరించి, పక్కకు తప్పుకుంది.

గోడమీది బోర్డు ప్రతి బంతికీ స్పీడు చూపిస్తుంది. మామగారి బంతికి మాత్రం కాసేపు ఏమీ చూపించలేదు. దానికి నమ్మకం కుదిరినట్టు లేదు.

అప్పుడే పక్క బాట మీద ఒక కుర్రాడు బంతి తీశాడు. బొటనవేలు కన్నంలో పెట్టలేదు. రెండు వేళ్ళే పెట్టి, రెండో చెయ్యి బంతి పక్కన ఆనించి, నడుం వంచి, నాలుగు అడుగులు ఉరికి, రెండు చేతులతోనూ విసిరాడు. బంతి వెళ్ళడం ఎవరికీ కనపడలేదు. పది పిన్నులూ పది దిక్కులకు పారిపోవడం మాత్రం కనపడింది.

మామగారు లేచి ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళారు. "బాబూ, రెండు చేతులా?"

"అవునంకుల్. టూ హ్యాండెడ్. స్పీడొస్తుంది, బంతి తిరుగుతుంది."

"ఎవరైనా వెయ్యొచ్చా?"

"ఎవరైనా వెయ్యొచ్చంకుల్."

ఆయన తిరిగి వచ్చి కూర్చుని, ఇంటికి వెళ్ళేదాకా ఆ కుర్రాడి చేతులనే గమనించారు. మర్నాడు పొద్దున టీల దగ్గర చట్టం వచ్చింది.

"ఈ రోజునుంచి ఈ ఇంట్లో ఎవరూ ఏ వస్తువునీ ఒంటిచేత్తో ఎత్తకూడదు."

"ఎవరూ అంటే?" అన్నారు అత్తగారు.

"ఎవరూ అంటే ఎవరూ."

"బంతి వేసేది మీరు. మధ్యలో మా చేతులేం పాపం చేశాయి?"

"ఒక్కడు మారితే అలవాటు నిలవదు. చుట్టూ అందరూ ఒంటిచేతి మనుషులుంటే నా చెయ్యి పాడైపోతుంది."

"నాన్నా, నేను లిఫ్టు గోతిలో వేలాడుతూ పనిచేస్తాను," అన్నాడు అబ్బాయి. "ఒక చెయ్యి తాడు పట్టుకోకపోతే మీకు కొడుకుండడు."

"డ్యూటీలో మినహాయింపు. ఇంట్లో లేదు."

"మరి నా వీపు దురద పెడితే?" అన్నారు అత్తగారు.

"రెండు చేతులతో గోక్కో."

"అందదు."

"అందేదాకా ప్రయత్నించు. నడుం వంగుతుంది. నడుం వంగితే బంతికి స్పీడు."

"నా నడుం వంగితే మీ బంతికి స్పీడేంటండీ!"

చట్టంతోపాటు శిక్ష కూడా వచ్చింది. ఒంటిచేత్తో దొరికినవాళ్ళు సాక్సులు వేసుకుని, హాల్లో బంతి వేసేవాడిలా అడుగులు వేసి, చివర జారి చూపించాలి. మొదటి వారంలోనే అబ్బాయి జారి జారి చెప్పుల స్టాండును విరగ్గొట్టాడు. అత్తగారు ఒక్కసారి జారి, సోఫాలో కూలబడి, ఆ పూట వంట అక్కణ్ణుంచే మామగారి చేత చేయించారు. ఆయన బాణలిని కూడా రెండు చేతులతో పట్టుకోవడంతో గరిటె తిప్పేవాళ్ళు లేక కూర మాడిపోయింది.

కోడలు మాత్రం ఒక్క ప్రశ్నైనా అడగకుండా ఒప్పుకుంది.

"నువ్వైనా ఎదురు చెప్తావనుకున్నానే!" అన్నారు అత్తగారు.

"పోనీలెండి అత్తయ్యా. పెద్దాయన సరదా," అంది కోడలు, బుద్ధిమంతురాలిలా మొహం పెట్టి. లోపల ఆమెకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టుంది.

ఎందుకంటే కొన్నాళ్ళుగా ఆమె కుడిచెయ్యి ఆమె మాట వినడం మానేసింది. ఉన్నట్టుండి బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ తిమ్మిరెక్కేవి. పట్టుకున్న వస్తువు పట్టుకున్నట్టే జారిపోయేది. గ్లాసులు పడ్డాయి. చక్కెర డబ్బా పడింది. మొగుడి ఫోను రెండుసార్లు పడింది. ప్రతిసారీ సబ్బు చెయ్యనో, తడి చెయ్యనో చెప్పేది. ఏమీ తోచనప్పుడు పిల్లి అడ్డొచ్చిందని చెప్పింది. ఆ ఇంట్లో పిల్లి లేదు.

ఆమె పని బేకరీలో. కేకుల మీద క్రీముతో పువ్వులు వేస్తుంది. క్రీము నింపిన కోను సంచిని పిసుకుతూ ఒక్కో రేకూ తిప్పుతుంటే, కొనడానికి వచ్చినవాళ్ళు బన్ను సంగతి మర్చిపోయి అద్దానికి ముక్కు ఆనించి చూసేవారు. ఆ చుట్టుపక్కల ఎవరి పుట్టినరోజుకైనా ఆమె గులాబీలే కావాలి. చెయ్యి సంగతి తెలిస్తే ఓనరమ్మ తనను కౌంటర్లో కూర్చోబెట్టి, గులాబీలు ఇంకొకరి చేతిలో పెడుతుందని ఆమె భయం. ఇంట్లో తెలిస్తే ఉద్యోగమే మానుకోమంటారేమోనని ఇంకా పెద్ద భయం. అందుకే పంటి బిగువున నెట్టుకొస్తోంది. ఇప్పుడు పిచ్చి చట్టం ఒకటి వచ్చి, గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా ఎందుకని అడిగేవాళ్ళు లేకుండా చేసింది. గంపెడు చాదస్తంలో పిడికెడు అదృష్టం ఉందనుకుంది కోడలు.

చిక్కు బేకరీలో వచ్చింది. ఒకరోజు చెయ్యి మరీ మొండికేస్తే, ఆమె కోను సంచిని రెండు చేతులతో పట్టుకుని గులాబీ వేస్తోంది. ఓనరమ్మ వచ్చి వెనక నిలబడింది.

"ఏంటమ్మాయ్, కేకు మీద పువ్వు వేస్తున్నావా, గేదె పాలు పితుకుతున్నావా?"

కోడలు జవాబు చెప్పబోయి నోరు తెరిచేలోగా బేకరీ అద్దం తలుపు తెరుచుకుంది. తెరిచినవి రెండు చేతులు. వాటి వెనక మామగారు.

"ఏమిటి, ఇక్కడింకా ఒంటిచేతి పద్ధతే నడుస్తోందా?" అన్నారు ఆయన, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసరులాగా.

"తమరెవరండీ?" అంది ఓనరమ్మ.

"ఈ అమ్మాయి మామగారిని. రెండు చేతులతో మా ఇంట్లో ట్రైనింగు ఇస్తున్నాను. మీ దగ్గర పాడుచెయ్యకండి. బౌలింగులో స్పీడంతా దీనివల్లే వస్తుంది."

"ఇది బేకరీ అండీ. మాకు స్పీడెందుకు?"

"ఒంటిచేత్తో వేసిన గులాబీకీ, రెండు చేతులతో వేసిన గులాబీకీ తేడా తెలుస్తోందా మీకు?"

ఓనరమ్మ కేకు మీదికి వంగి చూసింది. "తెలియడం లేదండీ."

"అదే దాని గొప్పతనం," అన్నారు మామగారు.

తర్వాత ఆయన పొయ్యి దగ్గరి మనిషికి ట్రే ఎలా లాగాలో చూపించారు, కౌంటరు పిల్లకు చిల్లర ఎలా ఇవ్వాలో చూపించారు, అందరినీ విసిగించి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ఓనరమ్మ కోడలి వంక జాలిగా చూసింది. "ఇంట్లో ఎలా వేగుతున్నావమ్మా? సరే, నీకెలా వస్తే అలా వెయ్యి. ఆయన మళ్ళీ రాకుంటే చాలు."

కోడలు సిగ్గుతో సగం చచ్చింది. మిగతా సగం హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆదివారాలు ప్రాక్టీసు. మామగారికి తోడు కోడలు వెళ్ళాలి. హాల్లో ఒక కోచ్ ఉండేవాడు. నెమ్మదస్తుడు, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. మామగారు చేరాక గొంతు పెంచడం నేర్చుకున్నాడు.

"చేతులతో బలంగా విసరకండి సార్. స్పీడు కాళ్ళలోంచి రావాలి. మొదటి అడుగులు మెల్లగా, పోను పోను వేగంగా. ఆఖరి అడుగుకు ముందు పెద్ద అంగ. అక్కణ్ణుంచి జారాలి. ఎడమచెయ్యి చివరిదాకా బంతి మీదే ఉండి, కుడిచెయ్యి వదిలేటప్పుడు తనూ వదిలెయ్యాలి."

"అర్థమైంది. కాళ్ళు ఇంజను, నడుం గేరు, ఎడమచెయ్యి బ్రేకు."

"బ్రేకు వద్దు సార్."

"బ్రేకు లేని బండి నేను తియ్యను."

అదే ఆయనతో వచ్చిన చిక్కు. అడుగులు బాగానే వేస్తారు. వయసుకు మించి వంగుతారు. తీరా బంతి వదలాల్సిన క్షణంలో, ఎదురుగా ఎవరో రోడ్డు దాటుతున్నట్టు ఎడమచెయ్యి గట్టిగా పట్టేస్తుంది. ఒక ఆదివారం ఆ చెయ్యి అసలు వదల్లేదు. బంతి ఆగలేదు, మామగారూ ఆగలేదు. బంతి వదలాల్సిన గీత దాటి, నూనె రాసిన బాట మీద బంతిని కావలించుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే జారుకుంటూ వెళ్ళారు. బోర్డు ఏది బంతో పోల్చుకోలేక ఆయన స్పీడునే చూపించింది. ఆ నెలలో అదే అత్యధికం.

"రాసుకోండి," అన్నారు మామగారు, బాట మధ్యలో కూర్చునే.

కోడలి పని ఆయన ఎడమచేతిని గమనించడం. ఎప్పుడు వదిలారు, ఎంత ఆలస్యంగా వదిలారు, అసలు వదిలారా లేదా. చూసి చూసి ఆమెకు ఆ ఆట కళ్ళతోనే వచ్చేసింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"మావయ్యగారూ, నేనూ ఒక్కటి వెయ్యనా?"

"వద్దొద్దు!" అన్నారు ఆయన కంగారుగా. "నువ్వు చూడు చాలు. వెయ్యడం ఎవరైనా వేస్తారు. చూడటం కష్టం."

కోడలికి చివుక్కుమంది. తనకంటే నేను బాగా వేస్తానని ఆయన భయం కాబోలు, అనుకుంది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం బేకరీలో పొయ్యి చెడిపోయి, అందరినీ తొందరగా పంపించేశారు. కోడలు ఇంటికి వచ్చేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మామగారు స్టూలు మీద నిలబడి ఉన్నారు. ఒక చేత్తో కాలిపోయిన బల్బును విప్పుతున్నారు. రెండో చేత్తో టీ తాగుతున్నారు. కింద అత్తగారు ఒక చేత్తో స్టూలు పట్టుకుని, రెండో చేత్తో ఆనందంగా వీపు గోక్కుంటున్నారు.

కోడలు గడప దగ్గరే ఆగిపోయింది.

"తొందరగా కానివ్వండి," అంటున్నారు అత్తగారు. "అమ్మాయి వచ్చేసరికి మళ్ళీ రెండు చేతులూ అతికించుకోవాలి."

"ఇంకా టైముందిలే. ఒక చేత్తో టీ తాగి ఎన్నాళ్ళయిందే! స్వర్గంలా ఉంది."

"ఎన్నాళ్ళండీ ఈ వేషం?"

"పిల్ల తనంతట తను నోరు విప్పేదాకా. లేదా ఆ చెయ్యి దానంతటది నయమయ్యేదాకా."

"అడిగేస్తే పోదూ?"

"అడిగితే ఏమంటుంది? పిల్లి అడ్డొచ్చిందంటుంది. అప్పుడు మనం వెళ్ళి ఒక పిల్లిని తెచ్చుకోవాలి."

కోడలి చేతిలోంచి సంచి జారి దభీమని పడింది. ఇద్దరూ తిరిగి చూశారు. మామగారు గభాలున రెండో చేతిని టీ గ్లాసు మీదికి తెచ్చారు. ఆ చేతిలో అప్పుడే విప్పిన బల్బు ఉన్న సంగతి మర్చిపోయారు. బల్బు టీలో మునిగింది. మునిగిన బల్బుతో సహా గ్లాసును రెండు చేతులా పట్టుకుని, స్టూలు మీదినుంచే గంభీరంగా అన్నారు.

"ప్రాక్టీసమ్మా."

కోడలు గడప దాటి లోపలికి వచ్చి అడిగింది.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఇంట్లో గాజు గ్లాసులన్నీ పోయి స్టీలువి వచ్చాయి, చూడలేదూ?" అన్నారు అత్తగారు. "అంతకు ముందునుంచే."

"మరి ఆ రోజు బేకరీకి..."

"బన్ను కొనడానికి వచ్చాను," అన్నారు మామగారు.

"బన్ను కొనలేదు మావయ్యగారూ."

"మర్చిపోయాను."

"నన్నొకసారి అడిగుండొచ్చుగా!"

మామగారు స్టూలు దిగి, గ్లాసు బల్ల మీద పెట్టి, అందులోంచి బల్బు తీసి తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టారు. ఆయనకు కోడలి మొహంలోకి చూసి మాట్లాడటం ఎప్పుడూ కొంచెం కష్టమే.

"నువ్వు దాచుకున్నావు కదమ్మా," అన్నారు బల్బుతో. "దాచుకున్న చెయ్యిని పట్టి లాగితే బాగుంటుందా? నీ ఒక్కదాని చేతులే రెండూ కనపడితే మావాడూ అడుగుతాడు, బేకరీవాళ్ళూ అడుగుతారు. అందరి చేతులూ రెండేసి ఉంటే ఎవడు చూడొచ్చాడు?"

"ఈయన మొదట ఇంట్లో అందరికీ యోగా అన్నారు," అన్నారు అత్తగారు. "తర్వాత మనందరికీ కీళ్ళ జబ్బు అని చెప్పేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈలోగా ఆ బంతి కుర్రాడు కనపడ్డాడు. నా వీపు చేసుకున్న పాపం!"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి, తుడుచుకోవడానికి చెయ్యెత్తితే ఆ చెయ్యి మళ్ళీ తిమ్మిరెక్కి ఉంది. ఆమె ఆ చెయ్యిని అలాగే ఆయన ముందుకు చాపింది.

"చూడండి మావయ్యగారూ. ఈ మూడు వేళ్ళూ. రాత్రిళ్ళు నొప్పి కూడా."

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, చిన్న ఆపరేషనుతో సరిపోతుందనీ డాక్టరు చెప్పాడు. ఇంకా ఆలస్యం చేసుంటే వేళ్ళలో పట్టు మొత్తం పోయేదని కూడా చెప్పాడు. అబ్బాయి అలిగాడు.

"అంటే ఈ ఇంట్లో నాకొక్కడికే తెలియదా?"

"నీకు లిఫ్టు ఆగితే తప్ప ఏదీ తెలియదురా," అన్నారు అత్తగారు.

ఓనరమ్మకు కోడలు భయపడుతూనే చెప్పింది. ఆమె విని, నువ్వు తిరిగొచ్చేదాకా కేకుల మీద గులాబీలు ఉండవని బోర్డు రాసి పెడతానంది. "ఇంకెవరైనా వేస్తే జనం ఊరుకోరు. ఒక్కటే మాట. ఆ సెలవుల్లో మీ మామగారిని కూడా ఇంట్లోనే ఉంచుకో."

ఇంట్లో చట్టం రద్దయింది. అత్తగారు ఆ సాయంత్రమంతా ఒంటిచేత్తో తలుపులు తీస్తూ వేస్తూ గడిపారు. కానీ ఆదివారం పొద్దున్నే మామగారు తయారై బూట్లు వేసుకుంటుంటే ఆవిడకు అనుమానం వచ్చింది.

"ఎక్కడికి?"

"హాలుకి."

"పిల్ల చెప్పేసింది, ఆపరేషనూ అయింది. ఇంకా ఎందుకు?"

"పిల్ల చెప్పింది. స్పీడు రాలేదుగా," అన్నారు ఆయన, లేసు ముడి వేసుకుంటూ.

కట్టు విప్పి, వేళ్ళలో పట్టు తిరిగొచ్చి, ఇక ఏ పనైనా చేసుకోవచ్చని డాక్టరు చెప్పిన తర్వాతి ఆదివారం నలుగురూ కలిసి హాలుకు వెళ్ళారు. మామగారు స్టాండు మీదున్న బంతులన్నీ ఎత్తి చూసి, అన్నిటికంటే తేలికైనదాన్ని తెచ్చి కోడలి చేతుల్లో పెట్టారు.

"వెయ్యి."

"నాకు రాదేమో మావయ్యగారూ."

"ఇన్నాళ్ళు చూశావుగా. నేను చేసింది చెయ్యకు, చాలు."

కోడలు రెండు వేళ్ళు కన్నాల్లో పెట్టి, ఎడమచెయ్యి పక్కన ఆనించింది. వంగింది. మొదటి అడుగు మెల్లగా పడింది, తర్వాతిది తొందరపడింది, ఆ తర్వాత పెద్ద అంగ వేసి జారింది. రెండు చేతులూ ఒక్కసారే వదిలాయి. బంతి అంచు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి తిరిగి, పిన్నుల మధ్యకు దూసుకుపోయింది. రెండు పిన్నులు మిగిలాయి. అబ్బాయి ఈల వేశాడు. బోర్డు మీద, ఆ పూట మామగారు వేసిన బంతి స్పీడు కిందే, ఆమె బంతి స్పీడు వచ్చింది. మామగారు ఇంతవరకు వేసిన ఏ బంతికీ అంత రాలేదు, ఆయన స్వయంగా జారిన దానితో కలిపి.

మామగారు బోర్డును చాలాసేపు చూశారు.

"కోచ్, మీ మిషను చెడిపోయింది."

కోచ్ వెళ్ళి చూసి వచ్చాడు. "బాగానే ఉంది సార్."

"ఇంకోసారి చూడు."

"బాగానే ఉంది సార్!" అని గొంతు పెంచాడు కోచ్.

మామగారు మెల్లగా పక్క బాట వైపు తిరిగారు. అక్కడ ఎవరో భార్యాభర్తలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, తమ ఆట తాము ఆడుకుంటున్నారు.

"మా కోడలు," అన్నారు ఆయన వాళ్ళతో. "మొన్నే చేతికి ఆపరేషనైంది. ఇంకా గట్టిగా వెయ్యలేదు."

"అలాగా! ఎవరు నేర్పారండీ?" అన్నాడు ఆ భర్త.

"నేనే," అన్నారు మామగారు. అని, ఆ పెద్దమనిషి బోర్డు వైపు తిరిగేలోగా, దాని మీదున్న తన స్పీడు చెరిపెయ్యమని కోచ్‌కు సైగ చేశారు.